ఫ్లాండర్సు చిత్రపటములందలి మతాధికార చిహ్నములు

పాణినీయమునందు అధికారమను పదమున కొక విశేషార్థము గలదు. ఒక సూత్రము తన స్థానమునఁ బ్రత్యేకముగా నే కార్యమును జేయక, తరువాతి సూత్రములందు అనువర్తించి వానికి శక్తి నొసఁగినచో దానిని అధికారసూత్రమందురు. అట్టి సూత్రమును గుర్తించుటకు స్వరితమను స్వరమును మహర్షి చిహ్నముగా నేర్పఱచెను. చిహ్నమే శక్తి గాదు. శక్తి యెచ్చట నున్నదో, యెంతవఱకుఁ బ్రసరించునో తెలుపుటయే చిహ్నముయొక్క ప్రయోజనము.

ఈ న్యాయము శాస్త్రమునకే గాక లోకమునకును జెల్లును. ముద్రికయు, దండమును, మకుటమును దమంతఁ దాము శక్తులు గావు. ఎవని యధికార మెంతవఱకో చూపు గుఱుతులు. ఈ దృష్టితో 15 వ శతాబ్దియందు నెదర్లాండ్సు దేశములలో వెలసిన మతసంబంధ చిత్రపటములను బరిశీలించితిమేని, వానియందలి వస్త్రములు, మకుటములు, శిలువలు మున్నగునవి కేవలాలంకారములు గావనియు, ఒక్కొక్కటియు నొక్కొక్క నిర్దిష్టార్థమును జెప్పుచున్నదనియుఁ దేటపడును. బ్రూజెసు నగరమునందలి యొక పటమును బ్రధానముగాఁ గైకొని, తక్కిన కొన్నిటిని దానితోఁ బోల్చి, ఈ యంశమును నిరూపించుట యీ వ్యాసమున కుద్దేశము.

ఆ కాలమున నెదర్లాండ్సు అనఁగా స్థూలముగా నేఁటి బెల్జియము, హాలెండు దేశములును, ఫ్రాన్సుదేశపు ఉత్తరసీమలోఁ గొంత భాగమును. వీనిలోఁ బెక్కు బర్గండీ ప్రభువుల యేలుబడిలో నుండెను. ఫ్లాండర్సు రాష్ట్రములోని బ్రూజెసు నగరము వర్తకమునకుఁ బేరువడసినది. ఆ నగరమధ్యమున బర్గు అను ప్రదేశమునందు సెయింటు డొనేషియను దేవాలయముండెను. దానిని గేననుల సంఘమొకటి నిర్వహించుచుండెను. కేనను అనఁగా దేవాలయసంఘమునఁ జేరి, నియతకాలములందు గాయకస్థానమునఁ గూర్చుండి ప్రార్థనలు జరుపుచు, దేవాలయపు ఆస్తినుండి వచ్చు వృత్తి ననుభవించు నధికారి. ఈ సంఘమున కధ్యక్షుఁడైన ప్రోవోస్టు ఫ్లాండర్సు రాష్ట్రమునకుఁ జాన్సలరు పదవిని గూడ వహించువాఁడగుటచేత, రాజ్యవ్యవహారములందును సంఘమునకు గౌరవముండెను. కాని బిషప్పు పీఠము మాత్రము బ్రూజెసునం దప్పటికి లేదు. నగరము టూర్నే బిషప్పుయొక్క యధికారమునకు లోఁబడియుండెను. కావున నీ దేవాలయములోని కేనను ధనవంతుఁడైనను, విద్వాంసుఁడైనను, బిషప్పు గాఁడు. ఈ భేదమును మనస్సునం దుంచుకొని పటమును జూడవలెను.

ఆ పటమును వ్రాయించినవాఁడు యోరిస్ వాన్ డెర్ పాలె. ఇతఁడు 1370 ప్రాంతమున జన్మించెను. రోమునందలి పోపుగారి లేఖకార్యాలయమునఁ బెక్కేండ్లు వ్రాయసకాఁడుగాఁ బనిచేసి, వయస్సు మీఱిన పిదప బ్రూజెసునకు వచ్చి, సెయింటు డొనేషియను దేవాలయమునఁ గేననుగా స్థిరపడి, 1443 లో మృతినొందెను. పటమును వ్రాసినవాఁడు యాన్ వాన్ ఐక్. ఇతఁడు బర్గండీ ప్రభువగు ఫిలిప్పుయొక్క యాస్థాన చిత్రకారుఁడు. 1441 లో మరణించి యీ దేవాలయమునందే భూస్థాపితుఁడయ్యెను.

పటము కొయ్యపలకపైఁ దైలవర్ణములతో వ్రాయఁబడినది. వెడల్పు ఒకటిన్నర మీటరునకుఁ గొంచె మెక్కువ. ఎత్తు రమారమి 1.2 మీటరు. నడుమ నెత్తైన పీఠముపై మేరీమాత యెఱ్ఱని వస్త్రము ధరించి కూర్చున్నది. ఆమె యొడిలో బాలయేసు. అతని చేతియొద్ద నొక చిలుక. పీఠపు స్తంభములమీఁద నాదాము, ఈవ యను నాదిదంపతుల ప్రతిమలు చెక్కఁబడియున్నవి. పాదములక్రిందఁ దూర్పుదేశపు తివాచీ పఱవఁబడినది. మేరీమాతకుఁ గుడిప్రక్కను, అనఁగాఁ జూచువారి కెడమవైపున, సెయింటు డొనేషియను నిలిచియున్నాఁడు. రెండవ ప్రక్కను గవచధారియైన సెయింటు జార్జి శిరస్త్రాణము నెత్తి నమస్కరించుచు, రెండవచేతితోఁ దనముందు మోకరించియున్న వృద్ధుని జూపుచున్నాఁడు. ఆ వృద్ధుఁడే పాలె. యోరిస్ అను పేరు జార్జి అను పేరునకు దేశభాషారూపము. కావున జార్జి యితని నామరక్షకుఁడు, డొనేషియను దేవాలయరక్షకుఁడు.

ఇచ్చట మొదట గమనింపవలసినది స్థానక్రమము. గౌరవస్థానమగు కుడిప్రక్క దేవాలయరక్షకునిది, వ్యక్తిరక్షకునిది తరువాతిది. పటమునకు ధనమిచ్చినవాఁడు పాలెయే యైనను, వ్యక్తికంటె సంస్థయే ముందు నిలిచినది. సమాసమునందుఁ బూజ్యవాచకమునకుఁ బూర్వనిపాతము వచ్చునట్లే, చిత్రమునందును బూజ్యమైనదానికిఁ బూర్వస్థానము లభించినది.

ఇంక డొనేషియను ధరించిన చిహ్నములను జూతము. తలపై మణిఖచితమైన మకుటము. ఇది ముందును వెనుకను రెండు శిఖరములుగా లేచియుండు బిషప్పుల మకుటము. భుజములనుండి పాదములదాఁక జరీపని గల నీలవర్ణపు ప్రావారము. చేతులకుఁ దొడుగులు. ఒకచేత నెత్తైన శిలువ. సామాన్యపు బిషప్పు గొల్లవాని కోలవలె నగ్రము వంపుదిరిగిన దండమును బట్టును. శిలువదండము ఆర్చిబిషప్పునకుఁ జెల్లు గుఱుతు. డొనేషియను రీమ్సు నగరమున కధిపతిగా నుండినవాఁడని పరంపర గావున, చిత్రకారుఁడు వంపుకోలను విడిచి శిలువనే యతనికిచ్చెను. రెండవచేత నొక చక్రము. దానిపై నైదు దీపములు వెలుఁగుచున్నవి. డొనేషియను బాలుఁడై నదిలోఁ బడిపోయినప్పుడు, దీపములు గల చక్రమును నీటిపై విడువఁగా నది యతఁడున్న చోటనాగి యతనిఁ జూపెనని కథ. మకుటమును శిలువయు నతని పదవిని జెప్పును. చక్రము వ్యక్తిని జెప్పును. మొదటివి సామాన్యలక్షణములు, చివరిది విశేషలక్షణము. రెండును గూడినఁగాని యీ మూర్తి యెవఁడో నిర్ణయము గాదు.

ఇందొక చారిత్రకవిశేషము గలదు. డొనేషియను 4 వ శతాబ్దివాఁడు. బిషప్పులు మకుటము ధరించుట 11 వ శతాబ్దినుండి మాత్రమే స్పష్టముగాఁ గానవచ్చుచున్నది. కావున నా పూర్వుఁ డెన్నఁడును ధరింపని మకుటమును చిత్రకారుఁ డతనికిఁ బెట్టెను. ఇది కేవల మజ్ఞానమని త్రోసివేయుట తగదు. ఆ కాలపువారికి మకుట మొక చరిత్రవస్తువు గాదు. అది పదవికిఁ బర్యాయము. ప్రాచీనుని శిరస్సుపై వర్తమానచిహ్నము నుంచుటవలన, నేఁటి బిషప్పుల యధికారము నాఁటినుండి యెడతెగక వచ్చుచున్నదను నర్థము సిద్ధించుచున్నది. శాస్త్రమున ననువృత్తి పూర్వసూత్రమునుండి పరసూత్రమునకు దిగును. ఇచ్చట చిహ్నము పరకాలమునుండి పూర్వకాలమున కెక్కినది. అనువృత్తి యున్నదని నమ్మించుటయే దాని ప్రయోజనము.

ఈ వైభవము సరసను బాలెగారి వేషమెట్లున్నది? తల బోడిది, మకుటము లేదు. ఒడలిపైఁ దెల్లని వెడల్పు వస్త్రము. ఇది గాయకస్థానమునఁ గూర్చుండు గురువులందఱును ధరించునది. ఎడమచేతిపై నొక బూడిదరంగు ఉన్నిచర్మము వ్రేలాడుచున్నది. దానిని ఆల్మ్యూసు అందురు. మొదట నది చలికిఁ దలను భుజములను గప్పుకొను తొడుపు; రానురాను గేననుల పదవికే గుఱుతై, తలమీఁదనుండి చేతిమీఁదికి దిగినది. చలికాలపు దుస్తు అధికారచిహ్నముగా మాఱుట యౌగికపదము రూఢమగుటవంటిది. వ్యుత్పత్త్యర్థము మఱుగుపడెను, సంకేతార్థము నిలిచెను. ఆ చర్మమును జూచిన బ్రూజెసు పౌరుఁడు, ఇతఁడు కేనను అని యొక్క నిమేషములో నెఱుఁగును. కేననుకంటె నెక్కువవాఁడు గాఁడనియు నెఱుఁగును. చిహ్నము విధియును జేయును, నిషేధమును జేయును.

పాలెగారి చేతులలోఁ బ్రార్థనపుస్తకమును, కంటియద్దములును గలవు. అద్దములు మతచిహ్నములు గావు. కాని జీవితమంతయు వ్రాఁతపనిలోఁ గడపిన వృద్ధుని కంతకంటెఁ దగిన గుఱుతు వేఱొకటి దొరకదు. అతఁడు పుస్తకమునుండి కన్నులెత్తి చూచుచున్నాఁడు; చూపు దేనిమీఁదను నిలువలేదు. ముఖమును జిత్రకారుఁ డేమాత్రమును మెఱుగుపఱుపలేదు. బుగ్గలు జాఱినవి, ముడుతలు లోఁతైనవి, కణతయందలి నరము లుబ్బియున్నవి. వానిని జూచి యాధునిక వైద్యు లతని వ్యాధి యేదియై యుండునని చర్చించినారు. ఈ పట మహంకారఫల మనువారు ముఖమును మఱచిరి. కేవలభక్తిఫల మనువారు చేతిమీఁది చర్మమును మఱచిరి. శరీరము శిథిలమగుచున్న మనుష్యుఁడు తన పదవిని మాత్రము సరియైన కొలఁదితో, ఎక్కువగాఁగాని తక్కువగాఁగాని గాక, చెప్పుకొనుచున్నాఁడు.

ఇట్లేల చెప్పుకొనవలసివచ్చెనో పటపు చట్రముపై నున్న లాటినుభాషా శాసనము తెలుపుచున్నది. దాని భావమిది: ఈ దేవాలయపుఁ గేననగు జార్జి పాలె పండితుఁడు చిత్రకారుఁడగు యాన్ వాన్ ఐకుచేత నీ పనిని జేయించెను, ఇచ్చట గాయకస్థానసంఘమునకుఁ జెందిన రెండు చాప్లెనుల వృత్తులను 1434 లో నేర్పఱచెను, పని 1436 లో ముగిసెను. చాప్లెను వృత్తి యనఁగా, ఒక గురువు నియతముగా దివ్యబలిపూజ జరుపుటకై దాత శాశ్వతముగా నేర్పఱచిన జీవనాధారము. తాను చనిపోయిన పిదపఁ దన యాత్మకొఱకుఁ బూజలు జరుగుచుండవలెననుట యిట్టి దానములకు ముఖ్యకారణము.

వైయాకరణునకు నీ వాక్యమునఁ బ్రీతికలిగించు విషయములు మూఁడు గలవు. మొదటిది, క్రియ ప్రేరణార్థకము: చేసెనని కాక చేయించెనని యున్నది. దాత ప్రయోజకకర్త, చిత్రకారుఁడు ప్రయోజ్యకర్త. ఇరువురి పేళ్లును నిలిచినవి. రెండవది, కేనను అను పదమునకు దేవాలయముతోడి షష్ఠీసంబంధము. అతఁడు నిరపేక్షముగాఁ గేనను గాఁడు. ఒక దేవాలయమునకుఁ గేనను. ఆ షష్ఠి లేనిచో నామమునకు సార్థక్యము లేదు. మూఁడవది, ‘ఈ దేవాలయము’, ‘ఇచ్చట’ అను నిర్దేశములు. ఇవి చూపుడువ్రేలివంటి మాటలు. పటమున్న చోటునే చూపుచున్నవి. దానపత్రము, అర్చకవృత్తి, పటము, పటములోని చర్మచిహ్నము—ఇవన్నియు నొక్క స్థలమునకుఁ గట్టువడియున్నవి. ఈ చర్మము ధరించిన యీ మనుష్యుఁ డీ సంఘమున సభ్యుఁడు, కావున నీ సంఘ మతని దానమును గాపాడుటకు బద్ధమైనది. ఇది పటముయొక్క వాక్యార్థము.

చిహ్నములయెడ నింత జాగరూకత యేల? పాలెగారి జీవితకాలమే యందుకు సమాధానము. 1378 మొదలుకొని 1417 వఱకు పశ్చిమ క్రైస్తవమతమునఁ బోపు పదవికై గొప్ప విభేదముండెను. రోమునం దొకఁడును, అవిన్యోనునం దొకఁడును దామే పోపులమనిరి. దీనిని సరిదిద్దఁబూనిన పీసా సభ 1409 లో మూఁడవవాని నెన్నుకొనఁగా, మునుపటి యిరువురును దిగిపోక, మువ్వురైరి. కాన్‌స్టాన్సు నగరపు సభలో 1417 న మార్టిను అను నామము దాల్చిన యైదవ పోపు నెన్నుకొనుటతో విభేదము శమించెను. పాలెగారు రోమునం దుద్యోగించిన కాలములోఁ గొంతభాగ మీ విభేదకాలమునఁ బడినది. పోపుగారి శాసనములకు సీసపుముద్ర వ్రేలాడఁగట్టుదురు. దానిపై నొకప్రక్క పీటరు, పాలు అను నపొస్తలుల శిరస్సులును, రెండవప్రక్క పోపుయొక్క నామమును నుండును. మువ్వురు పోపులును ముద్రలు వేసిరి. మువ్వురును ద్రికిరీటము ధరించిరి. చిహ్నము లుండియు నధికారము సందిగ్ధమైన కాలమది. అట్టి కాలమున ముద్రలనడుమ జీవించిన వ్రాయసకాఁడు తన చిత్రమునఁ జిహ్నమును దాని మూలముతోఁ గూర్చి, సాక్షులను నిలిపి, తేదీ వేయించి, శాసనము చెక్కించుట సహజమే కదా.

ఇంక నితర పటములతోఁ బోల్చి చూతము. గెంటు నగరమున 1432 లో ముగిసిన మహాపటము హ్యూబర్టు, యాన్ అను వాన్ ఐక్ సోదరులదని ప్రసిద్ధి. అందు మధ్యస్థమైన దివ్యమూర్తి పోపులు ధరించు త్రికిరీటమును ధరించియున్నది. ఆ మూర్తి తండ్రియగు దేవుఁడా, క్రీస్తా యని పండితులు భిన్నాభిప్రాయులు. ఎవరైనను, పోపుచిహ్నము దైవముయొక్క శిరస్సుపై నున్నది. పోపు దానిని ధరించుట యతని ప్రతినిధిగా మాత్రమే యను నర్థము తోఁచుచున్నది. క్రింది పలకయందుఁ బోపులు, బిషప్పులు తమ మకుటములతోనే గొఱ్ఱెపిల్లరూపమున నున్న క్రీస్తు నారాధించుచున్నారు.

రోగియర్ వాన్ డెర్ వేడెన్ అను చిత్రకారుఁడు టూర్నే బిషప్పగు జాన్ షెవ్రోకొఱకు సప్తసంస్కారముల పటమును వ్రాసెను. అది నేఁ డాంట్‌వర్పు నగరమునఁ గలదు. అందుఁ బిల్లలకు దృఢీకరణసంస్కారము చేయుచున్న బిషప్పునకు షెవ్రోముఖమే యున్నది. ఆ సంస్కారము సామాన్యముగా బిషప్పే చేయవలసినది. కావున నతఁడు మకుటధారియై, తన పదవికిఁ బ్రత్యేకమైన కార్యము చేయుచుండఁగాఁ జిత్రింపఁబడెను. బ్రూజెసు సయితము లోఁబడియుండిన పీఠ మితనిదే. పాలెకు లేని మకుట మితనికుండుట యిరువురి భేదమును దెలుపును. షెవ్రో తన యధికారమును గర్మచేతఁ జూపుచున్నాఁడు. పాలె తన యధికారమును సంబంధముచేతఁ జూపుచున్నాఁడు.

మతాధికారి గానివాని విషయ మెట్లు? బర్గండీ చాన్సలరగు నికొలా రోలాను యాన్ వాన్ ఐకుచేతనే 1435 ప్రాంతమున నొక పటము వ్రాయించెను. అది యిప్పుడు పారిసునందలి లూవ్రుప్రదర్శనశాలలో నున్నది. రోలాను జరీవస్త్రము ధరించి, మేరీమాత కెదురుగా మోకరించియున్నాఁడు. పరిచయము చేయించు పరిశుద్ధుఁ డొక్కఁడును లేఁడు. మొదటిరేఖలలో నతని నడుమున నొక పెద్ద ధనపుసంచి వ్రాయఁబడి, తరువాత విడువఁబడినదని రంగులలోపలి రేఖలఁ జూపు పరీక్షలవలనఁ దెలిసినది. లౌకికాధికారి తన ధనచిహ్నమును దొలఁగించి మధ్యవర్తి లేకయే సన్నిధిని జేరెను. మతాధికారి తన పదవీచిహ్నమును విడువక యిరువురు పరిశుద్ధులను దోడు తెచ్చుకొనెను. ఒకనికిఁ జిహ్న మడ్డమయ్యెను. వేఱొకనికి నదియే ద్వారమయ్యెను.

పాలెగారి పటము దేవాలయమున నుండఁగా, రమారమి 65 సంవత్సరముల తరువాత, ఆ సంఘములోనివాఁడే యగు బెర్నార్డిను సాల్వియాతి యను కేనను గెరార్డు డావిదు అను చిత్రకారునిచేత నొక పలక వ్రాయించెను. అది నేఁడు లండనునందలి జాతీయచిత్రశాలలోఁ గలదు. ఇందును గేనను మోకరించియున్నాఁడు. డొనేషియను, మార్టిను, బెర్నార్డిను అను పరిశుద్ధులు వెనుక నిలిచియున్నారు. బెర్నార్డిను ఇతని నామరక్షకుఁడు. మకుటధారియైన డొనేషియను దేవాలయరక్షకుఁడు. తరము మాఱెను, చిత్రకారుఁడు మాఱెను. వాక్యరచన మాత్రము మాఱలేదు. సియెనా నగరపు బెర్నార్డిను మూఁడు బిషప్పు పదవులను నిరాకరించినవాఁడని ప్రసిద్ధి గావున, ఐరోపాయందలి పెక్కు చిత్రములలో నతని పాదములయొద్ద మూఁడు మకుటములు వ్రాయుట సంప్రదాయము. శిరస్సున నుండిన మకుట మధికారమును జెప్పును. పాదములయొద్ద నుండిన మకుటము వైరాగ్యమును జెప్పును. స్థానభేదముచే నర్థభేదము గలుగుట భాషయందువలెనే చిత్రమునందును గలదు.

ఈ యధికారములన్నియుఁ దరువాత నేమయ్యెను? 1559 లో బ్రూజెసునకుఁ బ్రత్యేకముగా బిషప్పు పీఠ మేర్పడి, సెయింటు డొనేషియను దేవాలయమే పీఠస్థానమయ్యెను. పాలెగారి కాలమున డొనేషియనుని చిత్రముపై మాత్రమే యుండిన మకుట మా గడపలోనికి నిజముగా వచ్చెను. 1566 లో ననేక నెదర్లాండ్సు నగరములందు మతసంస్కారవాదులు ప్రతిమలను బగులఁగొట్టిరి. వారి కోప మా చిహ్నములపైఁ గలుగుట వింత గాదు. చిహ్నము నర్థమును వేఱుచేయుట కష్టమని వారును ఎఱుఁగుదురు. తుదకు ఫ్రెంచివిప్లవసేన లా దేశము నాక్రమింపఁగా, పటము పారిసునకుఁ గొనిపోఁబడెను; దేవాలయము 1799 లోఁ గూలఁద్రోయఁబడెను. యాన్ వాన్ ఐక్ సమాధియు నాతోడనే పోయెను. నెపోలియను పతనానంతరము పటము మాత్రము బ్రూజెసునకుఁ దిరిగివచ్చి, నేఁడు గ్రోనింగె ప్రదర్శనశాలలో నున్నది.

చట్రముపై ‘ఈ దేవాలయము’ అను మాట యిప్పటికిని గలదు. కాని యది చూపు వస్తువు లేదు. సన్నిహితవస్తువును జెప్పు ‘ఇదమ్’ శబ్ద మర్థముచేఁ బరోక్షవస్తువును జెప్పు ‘తత్’ శబ్ద మయ్యెను. గాయకస్థానము లేదు, చాప్లెనులు పూజలు జరుపుట లేదు. వృద్ధుని చేతిమీఁది చర్మము మాత్రము రోమరోమమును లెక్కింపఁదగినట్లు నిలిచియున్నది.

అష్టాధ్యాయికి దీనికి విపరీతమైన గతి పట్టినది. అధికారములను దెలుపు స్వరితచిహ్నములు పాఠమునుండి యెన్నఁడో లుప్తములయ్యెను. అయినను గురుపరంపర యవిచ్ఛిన్నమగుటచేత, ఏది యధికారమో, యది యెంతదూరము పోవునో నేఁటికిని మనకుఁ దెలియుచున్నది. అచ్చటఁ జిహ్నము పోయి యధికారము నిలిచెను. బ్రూజెసునం దధికారము పోయి చిహ్నము నిలిచెను. చిహ్నము మాత్రమే మిగిలినచోట దాని యర్థమును మరల సాధించుట చరిత్రకారుని విధి. ఆ విధిని నెఱవేర్చనిచో, మకుటము శిరోభూషణముగాను, ఆల్మ్యూసు చలిదుస్తుగాను, మోకరించిన వృద్ధుఁడు పేరులేని ముసలివాఁడుగాను మాత్రమే కనఁబడుదురు. నెఱవేర్చినచో, తన మరణానంతర మెవ్వరైనఁ దనకొఱకుఁ బ్రార్థింతురా యను భయముతో, తనకుఁ గల చిన్న యధికారమును జేతిపై మోసికొని, దేవుని సన్నిధిని నిలిచిన యొక మనుష్యుఁడు మనకుఁ గానవచ్చును.